స్ట్రే కిడ్స్‌కి కొరియాలో అంత క్రేజ్ లేదా?

మారతహళ్లి_పిల్ల: మా పీజీలో రాత్రంతా ఇదే గొడవ. 2022 నుంచి కేపాప్ బాయ్ గ్రూప్ స్ట్రే కిడ్స్ అమెరికా ఆల్బమ్ చార్ట్ బిల్‌బోర్డ్ 200లో వరసపెట్టి నంబర్ వన్ కొడుతున్నారు కదా, మరి కొరియా వాళ్ల మ్యూజిక్ స్ట్రీమింగ్ యాప్ మెలన్ చార్ట్‌లో పైన ఎందుకు కనపడరు? రూమ్మేట్ ఏమో సొంతూళ్లో వాళ్లని ఎవరూ పట్టించుకోరంటోంది, ఒళ్లు మండింది నాకు.

బీటీఎం_బయాస్: పట్టించుకోక కాదు అక్కా, లెక్కే వేరు. మెలన్‌లో ఫ్యాన్స్ కాని మామూలు జనం కూడా రోజూ వింటారు, బిల్‌బోర్డ్ 200 అంటే అమెరికాలో ఆల్బమ్ సేల్స్ ప్లస్ స్ట్రీమింగ్, అక్కడ ఆల్బమ్‌లో వచ్చే ఫోటోకార్డ్ (మెంబర్ ఫోటో ఉన్న చిన్న కార్డు) కోసం ఒక్కళ్లే నాలుగు వెర్షన్లు కొంటే నాలుగూ లెక్కకొస్తాయి. మన పీజీల్లో గ్రూప్ ఆర్డర్ వచ్చాక కార్డులకి కొట్టుకుని సీడీ ఎవరికీ వద్దంటారు చూడు, అదే బాపతు.

ఫిల్టర్‌కాఫీ: రివర్స్ కేసులూ ఉన్నాయండి. డే6 అనే కొరియన్ బ్యాండ్ 2017, 2019 పాటలు 2024లో మెలన్‌లో పైకొచ్చి కూర్చున్నాయి. లిమ్ యంగ్‌వుంగ్ అయితే అదే ఏడు సియోల్ వరల్డ్ కప్ స్టేడియం నింపేశాడు, ట్రాట్ (కొరియా పాతకాలం బాణీ పాటలు) పాడతాడు, పెద్దాళ్లకి పిచ్చి. ఇక్కడ కేపాప్ అని ఊగేవాళ్లలో ఆయన పేరు ఎంతమందికి తెలుసు?

మారతహళ్లి_పిల్ల: సరే, ఇది రూమ్మేట్‌కి పంపుతున్నా. ఎవరి దగ్గరైనా స్ట్రే కిడ్స్ హ్యున్‌జిన్ కార్డ్ ఎక్స్‌ట్రా ఉందా, ఫెలిక్స్ ఇస్తా.