‘ది ఆర్కేడియన్స్’ ఇరవై నిమిషాల ప్రదర్శన: ఎవరేం చేయాలి

కార్యక్రమం: అందరికీ నమస్కారం. లండన్ నాటకాల సాయంత్రానికి ‘ది ఆర్కేడియన్స్’ అనే సంగీత నాటకం ఖాయం. 1909 ఏప్రిల్ 28న షాఫ్ట్స్‌బరీ థియేటర్లో మొదలై 809 ప్రదర్శనలు ఆడింది, 1910 జనవరిలో న్యూయార్క్ లిబర్టీ థియేటర్‌కి వెళ్ళింది. పోస్టర్ చేసేవాళ్ళు ఇప్పటి షాఫ్ట్స్‌బరీ ఫొటో పెట్టకండి. అది 1911లో వేరే పేరుతో తెరిచింది. అసలు హాలు 1941 బాంబు దాడిలో పోయింది.

స్క్రిప్ట్: బావి సీను, గుర్రప్పందెం సీను ఉంచుదాం. విమానం చెడి ఆర్కేడియా అనే ఊహాలోకంలో పడ్డ లండన్ వ్యాపారి స్మిత్, అబద్ధమే ఎరగని ఆ జనం ముందు అబద్ధమాడతాడు. సత్యపు బావిలో ముంచితే కుర్ర సింప్లిసిటాస్ అయి లేస్తాడు. పందెంలో అతని భార్యే అతన్ని గుర్తుపట్టదు. బావి సీను కోస్తే ఈ నవ్వు పండదు. మూడో అంకం యాంకర్ చెప్పేస్తారు: మళ్ళీ అబద్ధం, మళ్ళీ బావి, మళ్ళీ పాత స్మిత్.

హక్కులు: రచయితలు, సంగీతకర్తల్లో ఆఖరున పోయింది పాటలు రాసిన ఆర్థర్ వింపెరిస్, 1953లో. బ్రిటన్‌లో రచయిత పోయాక 70 ఏళ్ళు లెక్క, కాబట్టి అక్కడ 2023తో గడువు తీరింది. 1909 స్కోరు (స్వరాలు రాసిన పుస్తకం) చూసే వాయించండి. కొత్త ఆర్కెస్ట్రేషన్‌కీ (వాద్యాల కూర్పుకీ), సీడీ ట్రాక్‌కీ విడిగా అనుమతి కావాలి.

స్టేజ్: బావికి ప్లైవుడ్, మీటరు ఎత్తు, 1.2 మీటర్ల వెడల్పు, వెనక తెరిచి ఉండాలి. సైడ్ వింగ్‌కి (స్టేజి పక్కనున్న తెరచాటుకి) ఆనించండి. మధ్యలో పెడితే లోపలికి సాయం వెళ్ళలేదు. స్మిత్ సూటు కిందే తెల్ల అంగీ, కోటుకి గుండీల బదులు వెల్క్రో. బుగ్గమీసాలు జిగురుతో అతికించొద్దు, కంగారులో పీకితే చర్మం కందుతుంది. చెవులకు తగిలించే ఎలాస్టిక్ చాలు. ఒకరు కోటు లాగాలి, ఒకరు విగ్గు పెట్టాలి, నలభై సెకన్లు. అంతసేపూ కోరస్ ఆగకూడదు. నీళ్ళు వద్దే వద్దు, కింద వైర్లున్నాయి. వెండి కాగితం ముక్కలు రెండు గుప్పెళ్ళు పైకి విసరండి.

డ్యాన్స్: గుర్రం సంగతేంటండీ?

స్టేజ్: కనపడక్కర్లేదండీ. కోరస్ అంతా ఎనిమిది లెక్కపెడుతూ ఎడమ వింగ్ నుంచి కుడికి తల తిప్పితే పందెం అయిపోయినట్టే. ముందు వరుస చివరివాళ్ళని చూసి మిగతావాళ్ళు తిప్పాలి, లేకపోతే తలో గుర్రం కనిపిస్తుంది.

సంగీతం: ‘ది పైప్స్ ఆఫ్ పాన్’ ఆర్కేడియా అమ్మాయి సోంబ్రా పాట, సోప్రానో (పై స్థాయి ఆడగొంతు) కావాలి. ఆ పాత్ర మొదట వేసిన ఫ్లోరెన్స్ స్మిత్సన్ పై స్వరాలకే పేరు. అందకపోతే కీబోర్డులో ట్రాన్స్‌పోజ్‌తో (శ్రుతి మార్చే మీటతో) ఒక మెట్టు దించండి, పాటవగానే యథాస్థానానికి తెండి. మర్చిపోతే తర్వాతి కోరస్ శ్రుతి తప్పుతుంది. జాకీ (గుర్రపు రౌతు) డూడీ పాట ‘మై మాటర్’ (మోటో, అంటే ‘నా సూత్రం’), అప్పట్లో ఆల్‌ఫ్రెడ్ లెస్టర్ పాడింది, ఎప్పుడూ హుషారుగా ఉండాలంటుంది. దాన్ని ఏడుపు మొహంతోనే పాడాలి. పాడేవాడు నవ్వితే జనం నవ్వరు.

రవాణా: బావిని రెండు ముక్కలుగా చేసి బోల్టులు పెట్టండన్నా. కొయ్యే ముందు వ్యాన్ తలుపు కొలవండి.