జియొమెట్రీ వార్స్‌లో ఆకుపచ్చ చతురస్రాల గుంపు నుంచి బయటపడేదెలా?

పీసీలో జియొమెట్రీ వార్స్: రెట్రో ఇవాల్వ్‌డ్ ఆడుతున్నాను, చిన్న ఓడని నడుపుతూ మీదికొచ్చే ఆకారాల్ని కాల్చే ఆట. వైరున్న కంట్రోలర్, ఎడమ స్టిక్‌తో కదలిక, కుడి స్టిక్‌తో కాల్పులు. 2 లక్షల స్కోరు దాకా బాగానే వెళ్తుంది. అక్కణ్ణుంచి మూలల్లో ఆకుపచ్చ చతురస్రాలు గుంపులుగా పుట్టుకొస్తాయి, ఇక నిలవలేకపోతున్నాను.

వీటితో చిక్కేంటంటే, తూటా దగ్గరికి రాగానే పక్కకి జారుకుంటాయి. కాల్పులు ఇంకోవైపు తిప్పానా, సూటిగా మీదికొచ్చేస్తాయి. నీలం వజ్రాలు అలా కాదు, వెంటపడినా ఎదురు కాల్పులకి పోతాయి. దగ్గర్లో ఎర్ర వలయం గనక రేగి ఉంటే మరీ కష్టం: ఓడని లాగేస్తుంది, తూటాల దారినీ వంచేస్తుంది. చస్తే మల్టిప్లయర్ (స్కోరుని పెంచే గుణకం) మళ్లీ ఒకటికి పడిపోతుంది, అసలు బాధ అదే.

మధ్యలో నిలబడి చుట్టూ కాల్చి చూశాను, చుట్టుముట్టేశాయి. గోడ వెంబడి తిరిగాను, మూలలో ఇరుక్కుపోయాను. గుంపు కనబడగానే బాంబు వేస్తే అప్పటికి గండం గడుస్తుంది, బాంబులు అయిపోయాక మళ్లీ అదే పరిస్థితి. ఆలస్యం ఉండకూడదని వీసింక్ (ఫ్రేముల్ని మానిటర్ వేగానికి కట్టే సెట్టింగ్) తీసేశాను, మానిటర్‌లో గేమ్ మోడ్ పెట్టాను. స్టిక్ స్పందనలో ఆలస్యమేమీ లేదు.

ఈ ఆటలో 5 లక్షలు దాటినవాళ్లు చెప్పండి: బాంబు వాడకుండా ఆ ఆకుపచ్చ గుంపుని చీల్చుకుని బయటపడాలంటే ఓడని ఎటు నడుపుతూ ఎటు కాల్చాలి?