పని తగ్గే నెలలకు రిటైనర్ ఒప్పందం ఎలా రాసుకుంటున్నారు?

తెలుగు కంటెంట్, అనువాదం చేసే ఫ్రీలాన్సర్లు కాస్త చెప్పండి. పని లేని నెలల్లో చాలామంది ముందు చేసేది పదానికి ఇంత అనే రేటు తగ్గించడం. చిక్కంతా అక్కడే. ఒకసారి దిగిన రేటు మళ్ళీ పైకి ఎక్కడం గగనం. అందుకే రేటు ముట్టుకోకుండా, నెలకు 8,000 పదాల రిటైనర్ (పని ఉన్నా లేకున్నా నెలనెలా ఇచ్చే స్థిర మొత్తం) అడగాలని ఆలోచన.

వాడుకోని పదాలను తర్వాతి నెలకు ఎంతవరకు జమ చేయాలి? పరిమితి పెట్టకపోతే మూడు నెలల బాకీ ఒకే వారంలో నెత్తిన పడుతుంది. 25 శాతం, అదీ ఒక్క నెలకే అంటే క్లయింట్లు ఒప్పుకుంటున్నారా? సవరణలు రెండు విడతలు దాటితే విడిగా బిల్లు వేస్తున్నారా?

ఇక పాత బిల్లులు. కొత్త పని లేకపోవడం కన్నా ఇవి ఆగిపోవడమే అసలు దెబ్బ. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. కాగితం మీద బాగానే ఉంది! ఇన్వాయిస్‌పై ఉద్యం నంబరు, గడువు తేదీ వేస్తే కదులుతున్నారా? ఆగిన బిల్లులపై ఫిర్యాదు చేసే ప్రభుత్వ సమాధాన్ పోర్టల్‌ దాకా వెళ్ళినవాళ్ళకు ఆ క్లయింట్ మళ్ళీ పని ఇచ్చాడా?

చివరగా, 10 శాతం టీడీఎస్ (క్లయింట్ ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోత. రీఫండ్ వచ్చేది రిటర్న్ వేశాకే కాబట్టి, ఆరు నెలల ఇంటిఖర్చు నిల్వలో ఆ కోసిన మొత్తాన్ని కలపకుండా లెక్క వేస్తున్నారా?