మెక్‌డేవిడ్ పక్కన హైమన్ ఎందుకు కుదిరాడు? వింగర్‌ను అంచనా వేసేదెలా?

ప్రశ్న
ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 2023-24లో ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టుకు, సెంటర్ (మధ్యలో ఆడే ఫార్వర్డ్) కానర్ మెక్‌డేవిడ్ పక్కన ఆడే వింగర్ (అంచున ఆడే ఫార్వర్డ్) జాక్ హైమన్ 54 గోల్స్ కొట్టాడు. స్టిక్ పనితనంలో అతన్ని మించిన వింగర్లు లీగ్‌లో చాలామందే ఉన్నారు. పాయింట్లు పక్కన పెడితే, ఒక వింగర్ ఫలానా సెంటర్‌కు కుదురుతాడని ఏం చూసి చెప్పాలి? రైట్ షాట్ ఆటగాణ్ణి (స్టిక్‌ను తన కుడి పక్కన పెట్టి కొట్టేవాణ్ణి) ఎడమ వింగ్‌లో ఆడిస్తే లాభమా, నష్టమా?

జవాబు 1
లైన్‌కు, అంటే కలిసి దిగే ఫార్వర్డ్‌ల గుంపుకు, ముగ్గురున్నా పక్ (హాకీ ఆడే రబ్బరు బిళ్ల) ఒకటే కదండీ. దాన్ని వేగంగా బ్లూలైన్ (ఎదుటి జట్టు జోన్ మొదలయ్యే గీత) దాటించే పని మెక్‌డేవిడ్‌ది. అతని పక్కన పక్ తన స్టిక్ మీదే ఉండాలనుకునే మరొకణ్ణి పెడితే ఇద్దరిలో ఒకరు ఊరికే నిలబడాల్సి వస్తుంది. హైమన్‌కు ఆ పేచీ లేదు. మూలకు వేసిన పక్ దగ్గరికి ముందుగా చేరతాడు, డిఫెన్స్‌మన్‌ను బోర్డులకు (రింక్ చుట్టూ ఉండే గోడకు) అదిమి పక్ విడిపిస్తాడు, మెక్‌డేవిడ్‌కు వదిలేసి తిన్నగా నెట్ ముందుకు వచ్చేస్తాడు. అతని గోల్స్ ఎక్కువగా గోలీ ముంగిట్లోనే పడతాయి: రీబౌండ్లు (గోలీని తాకి తిరిగొచ్చిన పక్), టిప్‌లు (వేరేవాళ్ల షాట్‌ను స్టిక్‌తో దారి మళ్లించడం), దగ్గరి పాస్‌లు.

జవాబు 2
రెండో ప్రశ్నకు. రైట్ షాట్ ఆటగాడు ఎడమ వైపుంటే అతని ఫోర్‌హ్యాండ్ మైదానం మధ్యకు తిరిగి ఉంటుంది. అవతలి వైపు నుంచి వచ్చిన పాస్‌ను ఆపకుండానే కొట్టొచ్చు. రైట్ షాట్ వింగర్ ఒవెచ్‌కిన్ పవర్ ప్లే (ఎదుటి జట్టులో ఒకరు శిక్ష మీద బయట ఉన్న సమయం) గోల్స్‌కు ఎడమ సర్కిల్ (నెట్‌కు ఎడమ పక్కన గీసిన వలయం) స్థావరమైంది అందుకే.

నష్టం సొంత జోన్‌లో. బోర్డుల వెంట చుట్టి వచ్చే పక్‌ను బ్యాక్‌హ్యాండ్‌తో ఆపాలి. అదే క్షణంలో ఎదుటి డిఫెన్స్‌మన్ మీదికి వస్తే పక్ జారిపోతుంది, లైన్ మొత్తం జోన్‌లోనే ఇరుక్కుంటుంది. అలాంటి వింగర్ ఉంటే సెంటర్ కాస్త కిందికి దిగి చిన్న పాస్‌కు అందుబాటులో ఉండాలి. బోస్టన్ బ్రూయిన్స్ వింగర్ పాస్ట్ర్‌నాక్‌ను చూడండి. రైట్ షాట్. ఐదుగురికి ఐదుగురు ఉన్నప్పుడు కుడి వింగ్, పవర్ ప్లేలో ఎడమ సర్కిల్. నా దృష్టిలో ఇదే సరైన వాడకం.

జవాబు 3
హైమన్ తరహా ఆటకు మూల్యం కూడా ఉందండీ, జవాబు 1లో అది రాలేదు. అతను నెట్ ముందు, సెంటర్ నెట్ వెనక ఉంటే, మూడోవాడు పైన, సర్కిళ్ల పైభాగం దగ్గర ఆగి తీరాలి. ముగ్గురూ కిందికి దిగితే పక్ పోయిన మరుక్షణం ఇద్దరు డిఫెన్స్‌మన్‌ల మీదికి ముగ్గురు వస్తారు. అందుకే రెండో వింగర్‌కు షాట్ కన్నా ముందు ఈ ఓపిక ఉందా అని చూడాలి.

ఒక మ్యాచ్‌లో పది షిఫ్టులు (ఆ లైన్ మంచు మీదకు దిగిన పది విడతలు) తీసుకుని, బ్లూలైన్ దాటించిందెవరు, మూలకు ముందు చేరిందెవరు, పైన ఆగిందెవరు అని రాసుకోండి. మొదటి ప్రశ్నకు (బ్లూలైన్ దాటించిందెవరు) రెండు పేర్లు సమానంగా వస్తే, ఆ ఇద్దరూ ఒకే పనికి పోటీ పడుతున్నారేమో చూడండి.

ప్రశ్న అడిగినవారు
పైన ఆగేది ఎప్పుడూ ఒకే ఆటగాడా?

జవాబు 3
కాదండీ. జోన్‌లోకి చివరగా వచ్చినవాడు ఆగాలి, సెంటరైనా సరే.