పుట్టుకతో చూపులేని పాపకు బొమ్మలు గీయడం ఎలా నేర్పాలి?

రంగులపెట్టె:
పాపకు పదేళ్లు. బ్రెయిలీ చకచకా చదువుతుంది, బొమ్మలు గీస్తానంటోంది. ఫెవికాల్‌తో గీసిన గీత ఆరేసరికి అణిగిపోతోంది. తను గీసింది తనే తడిమి చూసుకోవాలంటే ఏం వాడాలండీ?

బ్రెయిలీపలక:
ఫెవికాల్‌లో నీరు ఆవిరయ్యాక మిగిలేది పల్చటి పొరే. పైగా ఆరేదాకా ముట్టుకోకూడదు. గీస్తుండగానే వేలికి తగలాలి, లేకపోతే పాపకు తన చేయి ఎటు పోతోందో తెలియదు.

కిటికీలకు కొట్టే ఇనుప దోమల జాలి తెచ్చుకోండి. ఏ4 కంటే కాస్త పెద్ద ప్లైవుడ్ ముక్క మీద బిగుతుగా పరిచి, అంచులు వెనక్కి మడిచి పిన్నులు కొట్టి, పైన టేపు వేయండి. తీగ కొసలు వేళ్లకు గుచ్చుకుంటాయి, టేపు మరవద్దు. నైలాన్ జాలి సాగిపోతుంది. మీద మామూలు జిరాక్స్ కాగితం క్లిప్పులతో బిగించి, మైనం క్రేయాన్‌తో గట్టిగా నొక్కి గీయమనండి. గీత గరుకుగా, గీసినవైపే తగులుతుంది. చార్టు మందం, జాలి గరుకు దాని పైకి రాదు.

మెత్తటి రబ్బరు మీద కాగితం పెట్టి బాల్ పెన్నుతో నొక్కితే గీత వెనకవైపు ఉబ్బుతుంది. తిప్పితే కుడి ఎడమవుతుంది, పిల్లలు తికమకపడేది అక్కడే. గీతల మధ్య కనీసం 5 మి.మీ. ఎడం ఉంచండి.

మట్టిచేతులు:
ఏం గీయించాలన్నది ఇంకా ముఖ్యం. స్టీలు గ్లాసు చేతికివ్వండి. చూపున్నవాళ్లు దాని మూతిని కోలగా గీస్తారు. చేతికి అది ఎప్పుడూ గుండ్రమే. పాప నిండు సున్నా చుట్టి, దాని కింద రెండు నిలువు గీతలు గీస్తే దయచేసి దిద్దకండి, అది తడిమి తెలుసుకున్న గ్లాసు. టొరంటోలో జాన్ కెన్నెడీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపులేనివాళ్ల చేత గీయించి ఎన్నో ఏళ్లు పరిశోధించారు. వస్తువు అంచుకు బదులు గీత పెట్టవచ్చన్న సంగతి వాళ్లకూ పట్టుబడుతుందని ఆయన వాదన.

మొదలుపెట్టినచోట ఎడమ చూపుడువేలు ఆనించి ఉంచాలి, లేకపోతే సున్నా కలవదు. తన చేయి పట్టుకుని లాగకండి. మీ చేతి మీద తన చేయి వేయించుకుని చూపండి.

పాతగోడ:
చూపు మధ్యలో పోయినవాళ్ల సంగతి వేరు. శాంతినికేతన్ చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీకి 1957లో కంటి ఆపరేషన్ తర్వాత చూపు పోయింది. అప్పుడు ఆయన కాగితాన్ని మడవడం, కత్తిరించడం, అతికించడం మొదలుపెట్టారు. 1972లో అక్కడి కళల విద్యాలయం కళాభవన్ గోడకు పింగాణీ పలకల కుడ్యచిత్రం కూడా చేశారు. కత్తిరించిన అంచు వేలికి దొరుకుతుంది, రంగు జ్ఞాపకంలో ఉంటుంది. మీ పాపకు ఆ జ్ఞాపకం లేదు కాబట్టి గరుకు కాగితం, గోనె, పట్టు ముక్కలివ్వండి. ఒక బొమ్మలో రకాలు మరీ ఎక్కువైతే వేలికి విడదీయడం కష్టం.

రంగులపెట్టె:
క్రేయాన్ బొమ్మలు దాచేదెలా?

బ్రెయిలీపలక:
ఎండ తగలనివ్వకండి, మైనం మెత్తబడి గరుకు పోతుంది. పేర్చేటప్పుడు మధ్యలో ప్లాస్టిక్ కాగితం పెట్టి, పైన బరువు లేకుండా చూడండి.