కండె తంతువులా, కండ తంతువులా?

రేణిగుంట పాఠకుడు: పాత జీవశాస్త్రం పుస్తకంలోని వాక్యం ఒకటి నాలుక మీదే ఉంది, మొదలు అందడం లేదు. "... తంతువులు పొట్టివై క్రోమోజోములను ధ్రువాల వైపు లాగును." ఆ ముందున్నది కండెనా, కండా? లాగేది కండే గదా అని మనసు అటే పోతోంది.

పుత్తూరు పడుగు: కండెనే సామీ. ఎత్వం మింగేస్తే అధ్యాయమే మారిపోతుంది, కండరాలది వేరే పాఠం. మగ్గం నాడెలో పెట్టే నూలుకండె ఎట్లుంటుంది? నడుమ లావు, రెండు కొసలూ సన్నం. కణం రెండుగా విడిపోయేటప్పుడు, క్రోమోజోములు నడుమ వరసకట్టే మధ్యస్థ దశలో కణం నడుమ ఉండేదీ అదే ఆకారం.

నగరి నూలు: ఆకారం సరే అన్నా. దీన్నే ఇంగ్లీషులో స్పిండిల్ అంటారు, అంటే రాట్నానికుండే కదురు కదా? పక్కన తమిళం పుస్తకాలు చక్కగా కదిర్‌కోల్ అన్నాయి. మనోళ్లే దారి తప్పినారు.

పుత్తూరు పడుగు: కదురు వట్టి ఇనుప పుల్ల. దానికి పొట్టెక్కడిది? నూలు చుట్టుకున్నాకే వస్తుంది. మాట పెట్టినాయన నిఘంటువు చూడలేదు, సూక్ష్మదర్శినిలోకి చూసినాడు.

నగరి నూలు: కదురూ కవ్వమూ ఆడే ఇంట కరువుండదన్నారు. కండె మీద సామెత ఒకటి చెప్పండి చూద్దాం.

రేణిగుంట పాఠకుడు: అన్నమయ్యలో కూడా కదురు ఉన్నట్టు గుర్తు.

పుత్తూరు పడుగు: రాగిరేకు సంఖ్య చెప్పండి, ఒప్పుకుంటా. మీకు గుర్తున్నది కదిరి నృసింహుడై ఉంటాడు. అది ఖదిర, చండ్రచెట్టు. నూలుతో పని లేదు.

తిరుపతి వేరుకొన: ఇద్దరూ చుట్టడం దగ్గరే ఆగిపోయినారు. కణంలో చుట్టేదేమీ లేదు. ఆ పోగులు ట్యూబులిన్ అనే ప్రోటీను ఇటుకలతో కట్టిన సన్నటి గొట్టాలు. కొసల్లో ఇటుకలు ఊడే కొద్దీ పొట్టివవుతాయి, తగులుకున్న క్రోమోజోము వెంట పోతుంది. అగ్నిశిఖ దుంపలో ఉండే కోల్చిసిన్ ఆ ట్యూబులిన్‌ను పట్టుకుంటే కండె కట్టదు. క్రోమోజోములు నడిమి గీతకు చేరక చెల్లాచెదురుగా నిలిచిపోతాయి, లెక్కపెట్టే వాళ్లకు అదే వసతి.

"సూక్ష్మదర్శినిలోకి చూసినాడు" అన్నారు గదా, ఎర్రగడ్డ వేరుతో చూడండి. గడ్డ అడుగు నీళ్లకు తగిలేట్టు పెడితే మూడు నాలుగు రోజుల్లో వేర్లొస్తాయి. కొస 2 మి.మీ. చాలు. ఇంకా పైన కోస్తే పొడుగు సాగిన కణాలే, విభజన దొరకదు. 3 పాళ్లు ఆల్కహాలు, 1 పాలు గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లంలో ఒక రోజు ఉంచాలి. తర్వాత 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 60 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు మెత్తబరచి ఎసిటోకార్మిన్ రంగు వేయాలి. కవర్‌స్లిప్పును బొటనవేలితో నిట్టనిలువుగా నొక్కాలి, రవ్వంత పక్కకు జరిగినా కణాలు దొర్లి ముద్దవుతాయి. 16 క్రోమోజోములు ఎర్రగా కనబడతాయి. కండెకు మాత్రం ఆ రంగు సరిగా పట్టదు. ఆయన చూసింది బొమ్మనేమో!

పుత్తూరు పడుగు: బొమ్మైనా పొట్ట ఉంది గదా. ఇంకొకటి. ఈ కణవిభజనకు 1882లో జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ ఫ్లెమింగ్ పెట్టిన పేరు మైటోసిస్‌లో గ్రీకు మిటోస్ అంటే పడుగు నూలు. మూలమే మగ్గానిది. తెలుగులో దాన్ని సమవిభజన అన్నాక ఆ నూలు తెగిపోయింది.

నగరి నూలు: అట్లయితే పోగు అనొచ్చు గదా, మళ్లీ తంతువెందుకు? అచ్చ తెలుగు కండెకు సంస్కృతం తోక.

తిరుపతి వేరుకొన: కండను పూర్తిగా పారేయొద్దు. జంతుకణం చివర్లో నడుము నొక్కుకుని రెండవుతుంది. ఆ నొక్కే పట్టీలో ఉండేవి ఆక్టిన్, మయోసిన్, అచ్చం కండరంలో ఉన్నవే. మొక్కకు ఆ పట్టీ లేదు. గట్టి గోడ అడ్డం, కాబట్టి నడుమ కణఫలకం, అంటే కొత్త అడ్డుగోడ, మొదలై అంచులకు పాకుతుంది.

రేణిగుంట పాఠకుడు: అయితే నా కండ కొంత నిజమేనా?

పుత్తూరు పడుగు: నడుము దగ్గర నిజం, మీ వాక్యంలో కాదు. ధ్రువాల వైపు లాగును అని ఉంది గదా.

నగరి నూలు: లాగునా, లాగబడునా? పొట్టివయ్యేది తంతువైతే క్రియ మార్చాల. ముందు అది తేల్చండి.