హంతకుడెవరో తెలిసిపోయాక డిటెక్టివ్ నవల మళ్ళీ చదవగలమా?

అటకమీది ట్రంకు: మొన్న ఊరెళ్ళి పాత ట్రంకుపెట్టె దింపాం. చెదలు తినగా మిగిలినవి రెండు కట్టలు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు, యద్దనపూడి సులోచనారాణి గారివి. సెలవుల్లో రెండూ పట్టా. యుగంధర్ పట్టుమని ఇరవై పేజీలు కాకుండానే హంతకుడు గుర్తొచ్చాడు, మూసేశా. యద్దనపూడి నవలలో ఎవరికి ఎవరితో పెళ్ళవుతుందో అట్ట చూస్తేనే తెలుస్తుంది, అయినా రాత్రి రెండింటిదాకా వదల్లేదు. నా లెక్కలో డిటెక్టివ్ నవల ఒక్కసారి వాడే సరుకు. కాదంటారా?

అసిస్టెంట్ రాజు: కాదనే అంటా. యుగంధర్ దగ్గరికి హంతకుడి కోసం వెళ్తామా అండీ? ఆయన తాపీగా ప్రశ్నలు వేస్తుంటే, ఆయన అసిస్టెంట్ మన రాజు తొందరపడి బోల్తా పడుతుంటే, ఆ సరదా కోసం కదా.

పావలా అద్దె: మా వీధి అద్దెపుస్తకాల షాపులో ఓ పుణ్యాత్ముడు ఉండేవాడు. ప్రతి డిటెక్టివ్ నవలలో అయిదో పేజీ మీద పెన్సిల్‌తో "వంటవాడే చంపాడు" అని రాసేవాడు. కసికొద్దీ చివరిదాకా చదివితే, ఆ నవలలో అసలు వంటవాడే లేడు! అతని రాతలన్నీ ఇలా ఉత్తివే. అయినా తర్వాతి పుస్తకంలో వంటవాడు కాఫీ తెచ్చాడంటే గుండె దడే.

షాడో భక్తుడు: మీరు మధుబాబు గారిని వదిలేశారు. ఆయన గూఢచారి హీరో షాడో చావడని చదివే ప్రతివాడికీ తెలుసు. ఎలా తప్పించుకుంటాడన్నదే కథ. ముగింపు తెలియడం ఎప్పుడు అడ్డొచ్చింది?

జయంతి పక్షం: ట్రంకు గారూ, మీ వైపే ఉన్నాను, కానీ "అట్ట చూస్తేనే" అన్న వెక్కిరింపు వద్దు. ఆరడుగుల హీరో, పడవలాంటి కారు అని అందరూ నవ్వుతారు. యద్దనపూడి గారి 'సెక్రటరీ' 1976లో సినిమాగా వచ్చి కథంతా ఊరందరికీ తెలిసిపోయింది. మా అమ్మ మాత్రం ఆ తర్వాత కూడా నవలే తెప్పించుకునేది. డబ్బున్న హీరో రాజశేఖరం ముందు హీరోయిన్ జయంతి తల వంచకుండా నిలబడే చోట్లు ఆవిడకి కావాలి. పొయ్యి మీద పాలు పొంగినా లేచేది కాదు. పెళ్ళి సంగతి ఎవడికి కావాలి?

ప్యాసింజర్ బండి: అసలు మళ్ళీ చదవాలన్న షరతు ఎవరు పెట్టారు? కొవ్వలి లక్ష్మీనరసింహారావు గారు వెయ్యి నవలలు రాశారు. బండెక్కేటప్పుడు కొనుక్కుని దిగేలోపు ముగించే పుస్తకాలు. వేరుశనక్కాయలు తిన్నాక తొక్కలు దాచుకుంటామా? కాలక్షేపం అంటే కాలం గడవడం, అంతే.

పావలా అద్దె: తొక్కలంటే ఒప్పుకోను. పేజీలు ఊడిపోతే మైదా జిగురు పెట్టి మరీ అంటించేవాడు మా షాపాయన. ఒక్కసారితో సరిపోయే సరుకైతే అంత శ్రమెందుకు?

అసిస్టెంట్ రాజు: అద్దె కోసం! ఆయన వ్యాపారం ఆయనది. కానీ ట్రంకు గారూ, ఇంకో యుగంధర్ తీయండి, ఈసారి రాజు మాటలు చూస్తూ చదవండి.

అటకమీది ట్రంకు: తీశా. ఇది బొత్తిగా గుర్తు లేదు, అందుకో మరెందుకో గాని బాగానే నడిచింది. సొంత తెలివితో రాజు చేసిన పనికి రెండుచోట్ల పైకే నవ్వా. ఒప్పేసుకున్నట్టు కాదు. చిక్కేమిటంటే చివరి పన్నెండు పేజీలు చెదలు తినేశాయి. అట్ట ఫొటో పెడుతున్నా. పుస్తకం ఉన్నవాళ్ళు ఆ పేజీలు పంపండి. ఎవరు చంపారో మాత్రం ఇక్కడ రాయకండి.

పావలా అద్దె: వంటవాడే.